న్డిజి న్యామ: కిలిమంజారో వైపు అరటికాయ, మాంసం కలిపి వండే తీరు

ఈ వంట మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఇందులో అరటికాయ కూరగాయ కాదు, అన్నం. మనం అరటికాయ అనగానే వేపుడో, ఆవపెట్టిన కూరో, బజ్జీయో అనుకుంటాం. పక్కన అన్నం ఉంటుందన్న ధైర్యంతో ఉప్పూ కారం దట్టంగా వేస్తాం. టాంజానియా ఉత్తరాన కిలిమంజారో వాలు మీద ఉండే చగ్గా వాళ్ళకీ, విక్టోరియా సరస్సు పడమటి ఒడ్డున బుకోబా వైపు హయా వాళ్ళకీ, అక్కణ్ణించి ఇంకా పైకి పోతే ఉగాండాలో గండా వాళ్ళకీ పచ్చి అరటికాయే కడుపు నింపే తిండి. గండా వాళ్ళ భాషలో "ఎమ్మెరే" అంటే భోజనం. ఆ మాట వినగానే వాళ్ళకి మటోకే, అంటే ఉడికిన అరటికాయే, కళ్ళ ముందుకొస్తుంది. మనం "అన్నం తిన్నావా" అని అడగడం లాంటిదే అది.

స్వాహిలీలో న్డిజి అంటే అరటి, న్యామ అంటే మాంసం. పేరులోనే వంటంతా ఉంది. ఎముకల రసంలో అరటికాయ మెత్తగా ఉడికి, తన పిండితోనే ఆ రసాన్ని చిక్కబరచాలి. మసాలా నూరి ముద్ద వెయ్యడం, గసగసాలు, జీడిపప్పు పెట్టడం ఏవీ అక్కర్లేదు. కిలిమంజారో కొండ దిగువన ఉన్న మోషి ఊళ్ళో మేమున్న మూడేళ్ళలో ఈ వంట నేను పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నాను. అక్కడ పిల్లలున్న ఆడమనిషిని పేరుపెట్టి పిలవరు, పెద్దబిడ్డ పేరు చేర్చి "మామా ఫలానా" అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. పొద్దున్నే ఎదురుపడితే పెద్దావిడ కాబట్టి "షికమో" అనాలి, ఆవిడ "మరహబా" అని దీవించినట్టుగా బదులిస్తుంది. ఆ తరవాతే ఏ మాటైనా.

ఏం కావాలి

నలుగురైదుగురికి సరిపడా చెబుతున్నాను. పచ్చి అరటికాయలు కిలోంబావు, తొక్కతో తూచినవి. ఎముకతో ఉన్న మాంసం ముప్పావు కిలో. ఉల్లిపాయలు రెండు పెద్దవి, బాగా పండిన టమాటాలు మూడు, క్యారెట్లు రెండు, క్యాప్సికం ఒకటి. అల్లం వెల్లుల్లి దంచింది ఓ చెంచాన్నర, మిరియాలు అరచెంచా, నిమ్మకాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకే ఒక్కటి, నూనె మూడు పెద్ద చెంచాలు, ఉప్పు. కొబ్బరికాయ ఒకటి, కానీ అది తప్పనిసరి కాదు. ఎందుకో తరవాత చెబుతాను. గరం మసాలా, ధనియాల పొడి, కారప్పొడి డబ్బాలు ఆ పూటకి అలమరలోనే ఉండనివ్వండి.

అరటికాయ ఎంచుకోవడం

వంట బాగా కుదరడం, కుదరకపోవడం సగం ఇక్కడే తేలిపోతుంది. కిలిమంజారోలో ఈ వంటకి బాగా మెచ్చేది మ్చారె అనే రకం. సన్నగా, పొడుగ్గా, పల్చటి తొక్కతో ఉంటుంది, ఉడికితే వెన్నలా అవుతుంది. మనం పండుగా తినే కావెండిష్‌కి అది దగ్గరి చుట్టం. ఉగాండా, బుకోబా వైపు మటోకే కాయలు వేరు జాతి, కాస్త పొట్టిగా, లావుగా ఉంటాయి. ఈ రెండూ మన బజార్లో దొరకవు. అమెరికా, లండన్ వైపు ఉన్నవాళ్ళయితే ఆఫ్రికా సరుకుల దుకాణంలో మటోకే అని అడగండి, చాలాచోట్ల దొరుకుతుంది.

మన ఊళ్ళో అయితే రెండు దారులు. ఒకటి, కూరకి వాడే బొంత అరటి. పలకలు తేలి, మందపాటి తొక్కతో ఉంటుంది. రుచి బాగుంటుంది గానీ గుజ్జు పొడిపొడిగా ఉండి రసం ఎక్కువ పీల్చేస్తుంది, అందుకని గ్లాసుడు నీళ్ళు ఎక్కువ చూసుకోవాలి. రెండోది, గెల నుంచి కోసి ఇంకా మాగవెయ్యని పచ్చి కావెండిష్ కాయ. తోట దగ్గరో, అరటి మండీ దగ్గరో అడిగితే ఇస్తారు. నాకు ఇదే ఇష్టం, మెత్తదనం మోషిలో తిన్నదానికి దగ్గరగా వస్తుంది. కేరళ వాళ్ళ నేంద్రం మాత్రం వద్దు. అది గట్టిగా ఉండిపోతుంది, తీపి కూడా తగులుతుంది.

కాయ ఎంత పచ్చిదో చూడ్డానికి కొనవైపు గోటితో చిన్న గాటు పెట్టండి. పాల లాంటి జిగురు వెంటనే ఊరితే పనికొస్తుంది. తొక్కలో ఎక్కడన్నా పసుపు చాయ కనిపిస్తే, ఆ కాయలో పిండి అప్పటికే చక్కెరవుతోందని అర్థం. దాన్ని పక్కన పెట్టెయ్యండి. ఒక్క దోరకాయ పడినా రసమంతా తియ్యబడుతుంది.

మొదట మాంసం

మనం మాంసాన్ని ముందు మసాలాలో వేయించి తరవాత నీళ్ళు పోస్తాం. అక్కడ వరస తిరగేస్తారు. ముందు ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి రసం తీస్తారు, దాన్ని "సుపు" అంటారు. మార్కెట్ల పక్కన చిన్న హోటళ్ళలో పొద్దున్నే చపాతీ ముంచుకుని తాగేది కూడా ఇదే.

అక్కడ ఎక్కువగా ఆవు మాంసం, కొన్నిసార్లు మేక. మీ ఇంట్లో ఏది తింటే అది తీసుకోండి, కానీ మెత్తటి కండ ముక్కలే ఏరి తేవద్దు. మోకాలి చిప్ప, మూలుగ ఎముక, మెడ, పక్కటెముక, ఇలాంటివి కొట్టించండి. అరటికాయకి సొంత కొవ్వు లేదు, దానికి ఆ ఎముక రసమే అందం. కోడితో కూడా చేస్తారు గానీ ఫారం కోడి అయితే రసం నీళ్ళలా ఉంటుంది, నాటుకోడి అయితేనే చెయ్యండి.

మాంసం కడిగి, దంచిన అల్లం వెల్లుల్లిలో సగం, ఓ చెంచా ఉప్పు, అరచెక్క నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. తరవాత గిన్నెలో వేసి మూత పెట్టి, సన్న సెగ మీద దాని నీళ్ళలోనే పది నిమిషాలు మగ్గనివ్వండి. నీచు వాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. అప్పుడు ఐదు గ్లాసుల నీళ్ళు, మిరియాలు, ఓ ఉల్లిపాయ రెండు చెక్కలుగా కోసి వేసి ఉడకబెట్టండి. పైకి తేలే నురగ గరిటెతో తీసెయ్యండి. కుక్కర్లో అయితే లేత మేకకి నాలుగు కూతలు, ముదురుదానికి ఆరేడు, ఆవు మాంసానికి ఇంకో రెండు. ఆవిరి దానంతటదే పోయాక తెరవండి. ముక్క ఎముక నుంచి వదిలీ వదలనట్టుగా ఉండాలి. పూర్తిగా చీలికలైపోతే ముందుముందు అరటికాయతో కలిసి పిప్పిలా మారుతుంది. రసం వడకట్టి ముక్కలు వేరుగా, రసం వేరుగా పెట్టుకోండి. మూడు గ్లాసులకు తక్కువ ఉంటే వేడినీళ్ళు కలపండి.

కాయ తొక్క తియ్యడం

చేతులకి, చాకుకి, పలకకి నూనె రాసుకోండి. అరటి కర బట్టలకి అంటిందంటే ఇక పోదు, అందుకని పాత చీర కొంగో, తువ్వాలో ఒళ్ళో పరుచుకుని కూర్చోండి. పక్కన పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి మిగతా అరచెక్క నిమ్మకాయ పిండి, గుప్పెడు ఉప్పు వెయ్యండి.

రెండు చివర్లూ కోసి, తొక్క మీద పొడుగునా గాటు పెట్టి, బొటనవేలితో లేపుతూ వలవండి. పచ్చికాయ కాబట్టి పండులా ఊడిరాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. కండ మీద ఆకుపచ్చ పీచు మిగిలితే చాకు అంచుతో గీకెయ్యండి, వగరంతా అందులోనే ఉంటుంది. వలిచిన కాయని ఒక్క నిమిషం కూడా బయట ఉంచకుండా నీళ్ళలో పడెయ్యండి. చిన్నవైతే కాయల్ని పొడుగ్గా రెండుగా చీల్చండి, పెద్దవైతే అడ్డంగా మూడు ముక్కలు చాలు. వేపుడుకి కోసినట్టు సన్నటి చక్రాలు కొయ్యకండి, కరిగిపోతాయి.

మామా వాళ్ళింట్లో తొక్క ఏదీ పారేసేవారు కాదు. కొండ వాలు మీద చగ్గా వాళ్ళ పెరటి తోటని కిహంబా అంటారు. మధ్యలో ఇల్లు, చుట్టూ అరటి, అరటి నీడలో కాఫీ, కాఫీ మధ్య చేమ దుంపలు, పైన పెద్ద చెట్లు. కొండ మీది వాగుల నుంచి తవ్విన సన్న కాలవల్లో నీళ్ళొస్తాయి, వాటిని మిఫొంగో అంటారు. ఆవులు, మేకలు కొట్టంలోనే ఉంటాయి. అరటి తొక్క, బోదె, ఆకు వాటికి మేత, వాటి పేడ మళ్ళీ అరటి మొదట్లోకి. 1933లో కిలిమంజారో రైతుల సహకార సంఘం ఏర్పడిన నాటికే ఆ కాఫీకి పేరుండేది. కాఫీ అమ్మకానికి, అరటి ఇంటికి. కాఫీ ధర పడిపోయిన ఏడాది కూడా ఇంట్లో కుండ ఖాళీగా లేకపోవడానికి కారణం అరటేనని ఆవిడ తోట చూపిస్తూ చెప్పింది. ఆ తోటలో నిలబడితే నాకు మా కోనసీమే గుర్తొచ్చేది, అక్కడ కొబ్బరి కింద అరటి, కోకో వేసినట్టే ఇక్కడ అరటి కింద కాఫీ.

కలిపి వండడం

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె గానీ, అల్యూమినియం దాక గానీ తీసుకోండి. ఇనప మూకుడు ససేమిరా వద్దు. అరటికాయ వగరు ఇనుముకి తగిలితే కూరంతా నల్లబడుతుంది. అక్కడ ఇంటింటా ఉండేది సుఫురియా అనే పిడిలేని అల్యూమినియం గిన్నె, మన దాకలాంటిదే.

నూనె వేడయ్యాక రెండో ఉల్లిపాయ సన్నగా తరిగి వెయ్యండి. అది మెత్తబడి అద్దంలా అయితే చాలు, ఎర్రబడక్కర్లేదు. ఎర్రగా వేయిస్తే మన కూర వాసన వచ్చేస్తుంది. మిగిలిన అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయాక టమాటాలు తురిమి పొయ్యండి. ఇక్కడ తొందరపడొద్దు. నూనె తేలి, ముద్ద దగ్గరపడేదాకా పది పన్నెండు నిమిషాలు పడుతుంది. టమాటా పులుపు పచ్చిగా ఉంటే అరటికాయ ఎంతసేపు ఉడికినా లోపల గట్టిగా ఉండిపోతుంది. చింతపండు వేసిన పప్పు ఉడక్కుండా మొరాయించినట్టే ఇదీ. నిమ్మకాయ కూడా అందుకే వంట మధ్యలో పిండకూడదు.

ముద్ద దగ్గరపడ్డాక క్యారెట్, క్యాప్సికం పెద్ద ముక్కలుగా వేసి రెండు నిమిషాలు కలపండి. ఉడికిన మాంసం వేసి మరో మూడు నిమిషాలు. అరటి ముక్కల్ని నీళ్ళలోంచి తీసి, మంచినీళ్ళలో ఒకసారి జాడించి, పులుపూ ఉప్పూ పోయాక, మాంసం మీద సర్దండి. రసం వేడిచేసి, ముక్కలు మునిగీ మునగనట్టుగా పొయ్యండి. గాటు పెట్టని పచ్చిమిరపకాయని పైన తేలేలా వెయ్యండి. దానివల్ల కారం కాదు, వాసన వస్తుంది. పగిలితే తీసెయ్యండి.

ఒక్క పొంగు రాగానే సెగ బాగా తగ్గించి మూత పెట్టెయ్యండి. ఇక గరిటె ముట్టుకోవద్దు. అడుగంటుతుందేమోనని అనుమానం వస్తే గుడ్డతో గిన్నె రెండు చెవులూ పట్టుకుని కుదపండి, అంతే. గరిటెతో కలిపితే ముక్క విరిగి, పిండి బయటికొచ్చి, కూర జిగటగా సాగుతుంది. కుక్కర్లో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. నేను మొదటిసారి ఒంటరిగా చేసినప్పుడు, పొద్దు పోతోందని అరటికాయనీ కుక్కర్లోనే పడేసి మూడు కూతలు రానిచ్చాను, పైగా మన అలవాటు కొద్దీ గరం మసాలా, కారం వేశాను. తెరిచి చూస్తే ముక్కన్నది లేదు, గోధుమ రంగు ముద్ద. రుచి చూస్తే లవంగం, కారం తప్ప అరటి లేదు, మాంసమూ లేదు. కిలో కాయలు, ముప్పావు కిలో మాంసం, రెండిటి రుచీ పోగొట్టానని ఎంత బాధపడ్డానో చెప్పలేను. అది తెలిసి మామా మర్నాడు మా వంటింట్లోనే నిలబడి మళ్ళీ చేయించింది. ఉప్పు, ఉల్లి, టమాటా, మిరియం దాటనివ్వలేదు.

కావెండిష్ అయితే ఇరవై నిమిషాలు, బొంత అయితే పాతిక ముప్ఫై పట్టొచ్చు. కాయ రంగు తెల్లదనం పోయి లేత పసుపులోకి తిరుగుతుంది. చాకు కొన గుచ్చితే ఉడికిన బంగాళాదుంపలో దిగినట్టు దిగాలి. అంచులు కాస్త కరిగి రసంలో కలిసి, గరిటె వెనక పల్చగా పట్టేంత చిక్కదనం రావాలి. ఇంకా పల్చగా ఉంటే రెండే రెండు ముక్కలు గిన్నె పక్కకి నొక్కి చిదిమి కలపండి. మరీ దగ్గరపడితే వేడి రసం గానీ వేడినీళ్ళు గానీ పొయ్యండి, చల్లటి నీళ్ళు పోస్తే ముక్క బిర్రబిగుస్తుంది. ఉప్పు చూసుకోవడం ఇప్పుడే, ముందు కాదు. అరటికాయ ఉప్పు బాగా లాగుతుంది.

కొబ్బరి సంగతి

కొబ్బరిపాలు వెయ్యాలా వద్దా అన్నది మీరు ఎవరి వంట వండుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దార్ ఎస్ సలాం, టాంగా, జాంజిబార్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో కొబ్బరిపాలు లేని కూర అరుదు. కిలిమంజారో కొండ మీద కొబ్బరి పండదు, అక్కడ పాత పద్ధతిలో వెన్నో, నెయ్యో, పాలో వేస్తారు. అక్కడ దగ్గరగా వండిన దాన్ని మచలారి అంటారు. మోషి ఊళ్ళో రెండూ కనిపిస్తాయి.

కొబ్బరితో చేస్తే, కాయ తురిమి గోరువెచ్చటి నీళ్ళతో పిండి ముందు చిక్కటి పాలు కప్పుడు తీసి పక్కన పెట్టండి. అదే పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి పిండిన పల్చటి పాలు రసానికి బదులు కొంత పొయ్యండి. చిక్కటి పాలు మాత్రం కాయ ఉడికాకే, సెగ తగ్గించాకే. ఐదు నిమిషాలు సన్నగా ఉడకనిచ్చి దించెయ్యండి, తెరలకాగితే విరిగిపోతాయి. ఒడ్డు వైపు వాళ్ళు ఇందులో చిటికెడు బిజారి వేస్తారు. అది పసుపు, జీలకర్ర లాంటివి కలిసిన పొడి. అరేబియా సముద్రం దాటి వెళ్ళిన మన వైపు వర్తకులతో పాటు వంటింటి మాటలెన్నో అక్కడ స్థిరపడిపోయాయి. చపాతీ చపాతీయే, పచ్చడిని అచారి అంటారు, ఉల్లిపాయ టమాటా ముక్కల్ని కచుంబరి అంటారు. బిజారి వేస్తే పావుచెంచా మించొద్దు, అదీ ఉల్లిపాయతో పాటే.

కొండ పద్ధతి కావాలంటే కొబ్బరికి బదులు చివర్లో పెద్ద చెంచాడు నెయ్యి వేసి మూత పెట్టండి. నిజం చెప్పాలంటే ఎముక రసం బాగా దిగినప్పుడు నాకు ఇదే మేలనిపిస్తుంది. కొబ్బరి మాంసం రుచిని కొంత కప్పేస్తుంది.

మ్తోరి చెయ్యాలంటే

ఇవే సరుకులతో చగ్గా వాళ్ళు మ్తోరి అని మరొకటి చేస్తారు. బాలింతకి పెట్టే తిండి అది. బాలింతకి మనం పథ్యం పేరుతో చాలా వాటిని వద్దంటాం. అక్కడ మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఆ పిల్ల చేత ఎముక రసం, అరటికాయ గుజ్జు కడుపునిండా తాగిస్తారు. పాలు పడాలని, ఒంట్లో సత్తువ రావాలని.

దీనికి క్యారెట్, క్యాప్సికం, మిరపకాయ వద్దు, టమాటా ఒక్కటి చాలు. తాలింపు కూడా లేదు. మాంసం రసంలోనే అరటికాయ, తరిగిన ఉల్లిపాయ, ఉప్పు వేసి అరగంట మెత్తగా ఉడికించండి. దించి, మాంసం ముక్కలు తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని పప్పుగుత్తితో మెదపండి. మన పప్పుగుత్తి ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. మిక్సీలో వెయ్యకండి, బంకలా సాగుతుంది. మాంసం చీలికలు చేసి మళ్ళీ కలిపి, చెంచా వెన్న వేసి, గ్లాసుతో తాగేంత జారుగా ఉంచండి. జ్వరం నుంచి లేచినవాళ్ళకి, పళ్ళు లేని పెద్దవాళ్ళకి కూడా ఇది మంచి తిండి. మా అత్తగారికి నేను మెదిపి పెట్టేది ఇదే.

ఉగాండాలో ఇదే కుటుంబానికి చెందిన కటోగో ఉంది. అరటికాయని పేగులు, బోటీతోనో, చిక్కుడు గింజలతోనో, వేరుశనగ ముద్దతోనో కలిపి ఒకే గిన్నెలో వండుతారు. అది పొద్దుటి ఫలహారం. మాంసం తిననివాళ్ళు వేరుశనగ ముద్దతో చేసుకుంటే రసానికి కావలసిన నూనెదనం దానివల్లే వస్తుంది.

వడ్డించడం

దించాక పది నిమిషాలు మూత తియ్యకండి. ఆ పది నిమిషాల్లో రసం సర్దుకుని చిక్కబడుతుంది. లోతు పళ్ళెంలో ముందు అరటి ముక్కలు, మీద మాంసం, చుట్టూ రసం. పక్కన నిమ్మచెక్క ఇప్పుడు పెట్టొచ్చు. కచుంబరి, కొబ్బరిపాలతో మగ్గించిన మ్చిచా కూడా బాగుంటాయి. మ్చిచా అంటే మరేదో కాదు, మన తోటకూరే. మాగిన అవకాడో చీలిక దొరికితే అదీ. అన్నం వండకండి, ఒక్కసారికి నా మాట వినండి. పక్కన అన్నం ఉంటే చెయ్యి అటే పోతుంది, అరటికాయ కూరగాయ అయిపోతుంది, దాని అసలు రుచి మీకు తెలియదు.

అక్కడ తినేముందు ఇంటి పిల్లో, పిల్లాడో చెంబుతో నీళ్ళు, కింద పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చేతులు కడిగిస్తారు. గడపలో ఎవరు కనిపించినా "కరిబు" అని లోపలికి పిలుస్తారు. అందుకే గిన్నెలో ఎప్పుడూ ఓ ఇద్దరికి ఎక్కువే వండుతారు.

మిగిలితే రాత్రికి గడ్డకట్టినట్టు అవుతుంది, కంగారు పడకండి. ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న అరగ్లాసు వేడినీళ్ళు చుట్టూ పోసి, మూతపెట్టి సన్న సెగ మీద కదపకుండా వెచ్చబెట్టండి. అడుగున కాస్త మాడినట్టు పట్టుకున్న ముక్క ఉంటుంది, మామా వాళ్ళ పిల్లలు దానికోసమే పోటీపడేవారు.